పాత చెక్క సింగిల్ దొరికింది: ముందు వార్నిషా, ముందు కొలతలా?

తెడ్డుపట్టినోడు · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

మా క్లబ్ షెడ్డులో దూలాలకు వేలాడదీసిన పాత చెక్క సింగిల్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే సన్నటి పందెం పడవ) ఒకటి నా పాలబడింది. "తీసుకెళ్తావా, ముక్కలు చేసెయ్యమంటావా" అని అడిగారు. మనసొప్పక తెచ్చేసుకున్నా. పొడవు 8.05 మీటర్లు. రిగ్గర్లు (తెడ్లు ఆనడానికి పక్కలకు చాచిన చట్రాలు), సీటు అన్నీ కలిపి 15.6 కిలోలు తూగింది. కట్టినవాళ్ల పేరున్న రేకు పోయింది, రెండు మేకు రంధ్రాలు మాత్రం మిగిలాయి. వార్నిష్ పాము కుబుసంలా లేస్తోంది. రెండు కొనల మీద కప్పిన డెక్ గుడ్డ వేలు ఆనిస్తే చిరుగుతోంది. కుడి పక్కన, సీటు దగ్గర, జానెడు పగులు.

నేను 88 కిలోలు, ఎత్తు 188 సెంటీమీటర్లు. ఏ వార్నిష్ కొనమంటారు? ఎన్ని కోట్లు వెయ్యాలి? రెండు నెలల్లో నీళ్లలో దించాలని ఆశ.

వరండాలోబోటు · శనివారం, రాత్రి 9:40

చెక్క పడవ ఉన్నవాడు "ఎన్ని కోట్లు" అని అడగకూడదండీ, ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. రెండు నెలలన్నారు కదా, నేనూ అలాగే అనుకున్నా. నాది వరండాలోకి వచ్చి ఆరేళ్లయింది. అభినందనలు.

పాతచెక్క · ఆదివారం, ఉదయం 6:05

బాబూ, ఆ డబ్బా మూత అప్పుడే తియ్యకండి. పడవ ఎవరికి సరిపోతుందో తేలాకే దానిమీద చెయ్యి వెయ్యాలి. తనకు పట్టని పడవను నెలల తరబడి తోమి, అద్దంలా మెరిపించి, చివరికి గోడకు తగిలించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ణి.

చెక్క సింగిల్‌ను ఒక మనిషి కోసమో, కనీసం ఒక బరువు కోసమో కట్టేవాళ్లు. ఇప్పటి కార్బన్ పడవలకు ఏ బరువుకు ఏ అచ్చో కాగితం మీద ఉంటుంది. మీ దానికి రేకు కూడా లేదు కాబట్టి పడవనే అడగాలి.

ముందు దాని ఆరోగ్యం చూద్దాం. రాత్రి చీకట్లో పడవ లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి, బయటినుంచి నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లండి. పక్క చెక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పగులు ఉన్నచోట వెలుగు గీతలా బయటికి వస్తుంది. వార్నిష్ కింద దాక్కున్న పగుళ్లన్నీ ఒక్క రాత్రిలో బయటపడతాయి. పాత మామూలు బల్బు మాత్రం వద్దు, ఆ వేడికి జిగురు సడలుతుంది.

తర్వాత ఒక దబ్బనం తీసుకుని వెన్నుపట్టీని, పక్కటెముకల అడుగు భాగాన్ని, రెండు కొనలను గుచ్చి చూడండి. ఒకసారి లోపలికి చేరిన నీరు కొనల్లోనే తిష్ట వేస్తుంది. దబ్బనం మెత్తగా దిగితే చెక్క కుళ్లింది. స్క్రూల చుట్టూ నల్లమచ్చలుంటే ఎవరో ఇనుప స్క్రూలు వాడారని లెక్క. ఇనుము, చెక్కలోని టానిన్ కలిస్తే నల్లబడుతుంది. అది కుళ్లు కాదు, భయపడకండి. ఆ స్క్రూలు తీసేసి ఇత్తడివి వెయ్యాలి. మచ్చలకు ఆక్సాలిక్ యాసిడ్ రాసి కడిగితే చాలావరకు పోతాయి, చేతులకు గ్లవ్స్ ఉండాలి.

ఆఖరిది వంకర. పడవను బోర్లించి కొన నుంచి కొనకు పురికొస బిగించి లాగండి. అడుగు పొడవునా సాఫీగా వంగుతూ పోతే మంచిదే, మధ్యలో ఎక్కడో కుంగినా ఉబ్బినా నాకు చెప్పండి. మెలిక తిరిగిందేమో తెలియాలంటే తిన్నని బద్దలు రెండు, ఒకటి ముందు భాగంలో, ఒకటి వెనక భాగంలో అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, ఒకదాని అంచు మీదుగా రెండోదాని అంచు చూడండి. రెండూ ఒకే గీతలో ఉండాలి. మెలిక ఉంటే ఎన్ని కోట్లు వేసినా ఆ పడవ జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది.

తెడ్డుపట్టినోడు · సోమవారం, రాత్రి 10:20

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ చేశాను. నిన్న రాత్రి లోపల లైటు పెట్టగానే కళ్లు చెమర్చాయంటే నమ్మండి. పడవంతా ఎర్రటి లాంతరులా వెలిగింది. నాకు తెలిసిన పగులు ఒకటి, బయటపడ్డవి నాలుగు. రెండు వెంట్రుకవాసి, ఒకటి మళ్లీ జానెడు, ఒకటి పాత అతుకు పక్కనే.

దబ్బనం వెనక కొనలో మాత్రం రెండు మిల్లీమీటర్లు దిగింది. మెలిక లేదు, బద్దలు రెండూ కలిశాయి. పురికొస కడితే కొనలు రెండూ ఒక పిసరు పైకి లేచినట్టు అనిపిస్తున్నాయి. పడవ వంగిపోయిందా?

ఇంకోటి. చిరిగిన వెనక డెక్‌లోంచి తొంగి చూస్తే, లోపల ఒక పక్కటెముక మీద పెన్సిల్‌తో 68 అని రాసి ఉంది.

ఎపాక్సీరాజు · సోమవారం, రాత్రి 10:31

68 కిలోలు! కేసు క్లోజ్. బ్రదర్, మీ 88కి ఈ పడవ సరిపోదు. అయినా దిగులు పడకండి, బయట మొత్తం పల్చటి గ్లాస్ గుడ్డ (గాజు నారతో నేసింది) పరిచి ఎపాక్సీ జిగురు పట్టించండి. పగుళ్ల గొడవ వదిలిపోతుంది, పడవా గట్టిపడుతుంది. జన్మలో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

పాతచెక్క · మంగళవారం, ఉదయం 5:50

కొనలు పిసరు పైకి ఉండడం తప్పు కాదు. సియాటెల్‌లో జార్జ్ పోకాక్ పడవలు కట్టేవాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో గెలిచిన ఎనిమిది మంది పడవ హస్కీ క్లిప్పర్ ఆయన చేతిదే. పక్కలకు వెస్టర్న్ రెడ్ సెడార్ పలకను ఆవిరి పట్టి వంచేవాడు. తేమ తగిలి ఆ చెక్క పొడవునా ఒక వెంట్రుకవాసి సాగుతుంది, లోపలి వెన్నుపట్టీ సాగదు, దాంతో కొనలు కొంచెం పైకి లేచి పడవ బిగువుగా ఉంటుందని ఆయన లెక్క. మీది ఆయన కట్టిందని నేననడం లేదు. ఆ పిసరు వంపును సరిచేద్దామని మాత్రం రాళ్లు పెట్టి అణచకండి.

రాజుగారూ, గ్లాస్ గురించి మీతో పేచీ ఉంది. సాయంత్రం తీరిగ్గా రాస్తా.

నీటిగీత · మంగళవారం, మధ్యాహ్నం 1:15

68 అని కనిపించగానే కిలోలు అనేసుకోవడం తొందరపాటు. ఆర్డరు నంబరు కావచ్చు, సంవత్సరం కావచ్చు, చెక్క కొలత కావచ్చు. లెక్క వేద్దాం.

తెడ్డుపట్టినోడు గారూ, నీటి మట్టం దగ్గర మీ పడవ వెడల్పు ఎంత? సింగిల్ కాబట్టి 25 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుందని అనుకుంటున్నా. నీటి మీద పొడవు 7.9 మీటర్లు అనుకుందాం. రెండు కొనలూ సన్నబడతాయి కాబట్టి దీర్ఘచతురస్రంలో 68 శాతమే వస్తుంది. అదేమిటో, ఇక్కడా 68 వచ్చింది, నవ్వకండి. 7.9 × 0.25 × 0.68 అంటే 1.34 చదరపు మీటర్లు. అంటే పడవ ఒక సెంటీమీటరు మునగాలంటే 13.4 లీటర్ల నీటిని పక్కకు తొయ్యాలి. 13.4 కిలోల బరువుకు ఒక సెంటీమీటరన్నమాట.

కాబట్టి 68 కిలోల మనిషికి బదులు 88 కిలోల మనిషి కూర్చుంటే పడవ ఇంకో 15 మిల్లీమీటర్లు దిగుతుంది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ రిగ్గర్ల చివర తెడ్డు ఆనే గేట్లు కూడా నీటికి 15 మిల్లీమీటర్లు దగ్గరవుతాయి. తెడ్డు నీళ్లలోంచి తీసేటప్పుడు చేతులు తొడలకు తగులుతాయి. చిన్న అల కూడా అంచు దాటుతుంది. అటు 50 కిలోల పిల్ల కూర్చుంటే ఇబ్బంది తిరగబడుతుంది. పడవ బెండు ముక్కలా పైన తేలి గాలికి కొట్టుకుపోతుంది, నిలకడా ఉండదు.

క్యాన్ల పరీక్ష చెయ్యండి, అంటే మనిషికి బదులు నీళ్ల క్యాన్లు పెట్టి పడవ ఎంత దిగుతుందో కొలవండి. 20 లీటర్ల క్యాను నిండా నీరంటే సుమారు 20 కిలోలు.

ఎపాక్సీరాజు · మంగళవారం, మధ్యాహ్నం 1:22

మేడమ్, మీ లెక్కకు దండం. 68 కిలోలే అని ఇప్పటికీ నా పందెం.

పాతచెక్క · మంగళవారం, సాయంత్రం 7:30

ఇప్పుడు గ్లాస్ సంగతి. నాకు ఎపాక్సీ అంటే పగ లేదు, అతుకులకు నేనూ అదే వాడతా. కానీ పడవ మొత్తానికి తొడుగు వెయ్యడం అంటే దాన్ని మమ్మీ చెయ్యడమే. బయట అసలు గాలాడకుండా మూసేసి, లోపల పల్చటి వార్నిష్‌తో వదిలేస్తే, చెక్క లోపలి పక్కనుంచే తేమ పీల్చి వదులుతూ ఉంటుంది. ఒక పక్క ఉబ్బుతుంది, రెండో పక్క ఉబ్బదు. అయిదారేళ్లకు పక్కటెముకల దగ్గర గ్లాస్ బొబ్బల్లా లేస్తుంది. ఆ తర్వాత దాన్ని పీకే పని నాలాంటివాడి దగ్గరికి వస్తుంది. గ్లాస్‌తో పాటు సెడార్ పీచు కూడా ఊడొస్తుంది.

ఎపాక్సీకి ఎండ పడదు, దానిమీద ఎలాగూ వార్నిష్ వెయ్యాల్సిందే. మరి "జన్మలో ముట్టుకోనక్కర్లేదు" అన్న మాట ఎక్కడ నిలిచింది?

పగులుకు నేను చేసేది చెబుతా. పగులు రెండు చివర్లా, అది ఇంకా పాకకుండా, లోపలి వైపు అదే జాతి చెక్కతో పల్చటి పట్టీ పెడతా. పట్టీ అంచులు నాలుగూ చిత్రికతో కాగితంలా సన్నబడాలి. మందంగా ఉంటే దాని అంచు దగ్గరే కొత్త పగులు పుడుతుంది. జిగురు పగుల్లోకి వెళ్లాలంటే పక్కను లోపలినుంచి బొటనవేలితో మెల్లగా నొక్కాలి, పగులు నోరు తెరుస్తుంది, అప్పుడు పల్చటి ఎపాక్సీని సిరంజితో వదలాలి. వేలు తీస్తే మూసుకుంటుంది. ప్లాస్టిక్ కాగితం, దానిమీద బద్ద, దానిమీద బరువు. క్లాంపును పిసికి బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకు ఎండిపోతుంది, మెత్తగా పట్టుకుంటే చాలు.

కుళ్లిన వెనక కొనకు మాత్రం పట్టీలు పనికిరావు. గట్టి చెక్క తగిలేదాకా కోసేసి, ఏటవాలుగా కొత్త ముక్క అతకాలి. మందానికి ఎనిమిది రెట్లు తక్కువ కాకుండా వాలు పొడవు ఉండాలి, పది పన్నెండు అయితే ఇంకా మంచిది.

ఒక హెచ్చరిక. రెడ్ సెడార్ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, పని చేసేవాళ్లకు ఆస్తమా తెప్పిస్తుందని బాగా తెలిసిన విషయం. వాసన బాగుంది కదా అని ముక్కు పెట్టి పీలుస్తూ తోమకండి, మంచి మాస్క్ కట్టుకోండి.

ఎపాక్సీరాజు · మంగళవారం, రాత్రి 8:05

మమ్మీ మాట కాస్త గట్టిగా తగిలింది మాస్టారూ. నేను గ్లాస్ వేసిన పడవకు నాలుగేళ్లయింది, ఇంకా బొబ్బలు రాలేదు. ఇంకో రెండేళ్లాగి ఇక్కడే చెబుతా. సిరంజి చిట్కా మాత్రం కొట్టేశాను.

నీటిగీత · మంగళవారం, రాత్రి 8:40

గ్లాస్ బరువు కూడా కలపండి. సింగిల్ బయటి వైశాల్యం సుమారు మూడు చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే గుడ్డ, దాన్ని తడపడానికి ఎపాక్సీ, నేత కనపడకుండా పైన ఇంకో పూత కలిపితే ముప్పావు కిలోకు తగ్గదు. అంతర్జాతీయ తెడ్డు పడవల సమాఖ్య వరల్డ్ రోయింగ్ నిబంధన ప్రకారం సింగిల్ కనీస బరువు 14 కిలోలు. 15.6 కిలోల పాత పడవ దానికి అంత దూరంలో లేదు, మనమెందుకు దూరం చెయ్యడం?

కొత్తకోచ్ · బుధవారం, ఉదయం 7:10

అందరూ బరువు చుట్టూ తిరుగుతున్నారు. నా అనుభవంలో పాత సింగిల్‌లో పొడుగు మనిషిని ముందు ఆపేది సీటు ముందుకూ వెనక్కీ జరిగే పట్టాలు. ఇప్పటి పడవల్లో పట్టాలు 80 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. పాతవాటిలో 65 దగ్గర ఆగిపోతాయి. 188 ఎత్తు మనిషి కాళ్లు పూర్తిగా చాపేలోపే చక్రాలు పట్టా చివర కొట్టుకుంటాయి. పట్టాలు పొడిగిద్దామంటే అడ్డపట్టీలు ఉంటాయి, వాటిని కోస్తే పడవ నడుం విరిగినట్టే.

సీటు మీద కూర్చుని ఈ కొలతలు రాసి పెట్టండి. రెండు గేట్ల పిన్నుల మధ్య దూరం, మామూలుగా 158 నుంచి 160 సెంటీమీటర్లు. సీటులో లోతైన చోటు నుంచి గేటు అడుగు దాకా ఎత్తు, 15 నుంచి 18 మధ్య మీకు ఏది హాయిగా ఉంటే అది. ఎడమ చెయ్యి పైన పెట్టి లాగేవాళ్లకు ఎడమ చేతి తెడ్డు గేటు ఒక సెంటీమీటరు ఎత్తులో ఉండాలి. కాళ్ల పలక వాలు 40 డిగ్రీల అటూ ఇటూ. మడమ జారిపోకుండా పాత పలకకు తోలు గిన్నెలుంటాయి, తోలు చివికి ఉంటుంది, మార్చండి. షూ బిగిస్తే మడమ తాడు కట్టడం మరవకండి. బోల్తా పడితే చెయ్యి పెట్టకుండానే కాళ్లు బయటికి రావాలి.

తెడ్లు కూడా వచ్చాయా? ఆకు ఏ ఆకారం?

తెడ్డుపట్టినోడు · బుధవారం, రాత్రి 9:55

చెక్క తెడ్లు జత వచ్చాయి. పొడవు 298 సెంటీమీటర్లు. ఆకు రెండు వైపులా సమానంగా, పొడుగ్గా ఉంది. తోలు తొడుగు ఒకదానికి వదులైంది.

కొత్తకోచ్ · బుధవారం, రాత్రి 10:10

అది మాకాన్ ఆకు. 1959లో ఫ్రాన్స్‌లోని మాకాన్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌తో ఆ పేరు నిలిచిపోయింది. గొడ్డలిలా ఒక పక్కకే ఉండే ఇప్పటి పెద్ద ఆకు 1991లో వచ్చింది. పెద్ద ఆకు తెడ్లు పది సెంటీమీటర్లు పొట్టిగా ఉంటాయి. పాత పడవలో కొత్త తెడ్లు పెట్టొచ్చు, కానీ మొదటి లాగుడే గట్టిగా తగులుతుంది, ఆ దెబ్బంతా రిగ్గరు కాళ్ల దగ్గర పాత పక్కటెముకల మీద పడుతుంది. మాకాన్ తెడ్లతోనే నడపండి. పడవ దాచుకున్నవాళ్లు తెడ్లు పారెయ్యకపోవడం మీ అదృష్టం.

తెడ్డుపట్టినోడు · ఆదివారం, మధ్యాహ్నం 12:30

క్యాన్ల పరీక్ష అయింది. పగుళ్ల మీద టేపు వేసి, నడుం లోతు నీళ్లలో దించి, రెండు రిగ్గర్ల చివర్లు ఇద్దరం పట్టుకున్నాం. పట్టాల మీద నేరుగా బరువు పడకుండా పలక వేసి, దానిమీద క్యాన్లు కట్టాం. గేటు అడుగు నుంచి నీటి దాకా కొలిచాను:

60 కిలోలకు 24.4 సెం.మీ.
68 కిలోలకు 23.8
88 కిలోలకు 22.3

నీటిగీత గారూ, 20 కిలోలకు మీరు చెప్పిన 15 మిల్లీమీటర్లే దిగింది! మా చెల్లెలు టేపు పట్టుకుని "ఇంకోసారి చూడు" అని మూడుసార్లు కొలిపించింది.

88 దగ్గర వెనక కొన అడుగు బాగా లోపలికి పోయి, నీరు డెక్ అంచుకు రెండు వేళ్ల దూరంలోకి వచ్చింది. 60, 68 దగ్గర కొనలు రెండూ నీటిని అలా తాకీ తాకనట్టున్నాయి. ఇంకో విషయం, పక్కల మీద వార్నిష్ కింద సన్నటి గోధుమరంగు మరక ఒకటి పడవ పొడవునా గీతలా ఉంది. 68 కిలోలప్పుడు నీటి అంచు దానికి ఒక్క పిసరు కింద ఆగింది.

తర్వాత క్యాన్లు దించి నేనే కూర్చున్నా. కొత్తకోచ్ గారన్నదే నిజం. పట్టా పొడవు 64. కాళ్ల పలక చివరి రంధ్రానికి జరిపినా మోకాళ్లు పూర్తిగా చాచలేకపోయా, చక్రాలు టక్ మని కొట్టుకున్నాయి. ఆ చప్పుడుతో నా ఆశ కూడా దిగిపోయింది.

నీటిగీత · ఆదివారం, మధ్యాహ్నం 2:00

ఆ మరక పాత ఓనరు బరువు చెబుతోంది, కట్టినవాడి ఉద్దేశం కాదు. మీరు 68 దగ్గర ఒక పిసరు కింద అన్నారు, అంటే పాత ఓనరు 70 దాటి ఉండొచ్చు. కొనలు నీటిని తాకీ తాకనట్టు ఉన్న బరువు నాకు ఎక్కువ నమ్మకం. మొత్తం మీద 60 నుంచి 72 మధ్య మనిషికి ఈ పడవ హాయిగా ఉంటుంది.

తెడ్డుపట్టినోడు · బుధవారం, రాత్రి 11:05

అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉండండి. ఇవాళ డెక్ గుడ్డ మొత్తం పీకేశాం. లోపల పక్కటెముకలన్నీ బయటపడ్డాయి. వెనక కొన నుంచి మొదటిదాని మీద 34. రెండోదాని మీద 68. మూడోదాని మీద 102. నాలుగోది 136. టేపు పెట్టి కొలిస్తే ప్రతి పక్కటెముకకూ మధ్య సరిగ్గా 34 సెంటీమీటర్లు.

వరండాలోబోటు · బుధవారం, రాత్రి 11:09

136 కిలోల మనిషికి ఎక్కడ కూర్చోవాలో కూడా రాశారన్నమాట.

ఎపాక్సీరాజు · బుధవారం, రాత్రి 11:15

పందెం ఓడిపోయాను. అయినా జవాబు 68 దగ్గర్లోనే వచ్చింది, అది లెక్కలోకి రాదా?

పాతచెక్క · గురువారం, ఉదయం 5:40

రాదు రాజుగారూ.

బాబూ, పడవ మీ బరువుకు కాదని తేలింది. చెల్లెలి బరువెంత? టేపు పట్టుకుని మూడుసార్లు కొలిపించిన మనిషికి ఈ పడవ మీద కన్నుందని నా అనుమానం.

తెడ్డుపట్టినోడు · గురువారం, ఉదయం 7:00

64. ఎత్తు 170. మాస్టారూ, మీకు ఎలా తెలిసిపోతాయివన్నీ?

పాతచెక్క · గురువారం, సాయంత్రం 6:45

అయితే ఇప్పుడు వార్నిష్ డబ్బా తెరవొచ్చు.

పాత వార్నిష్ తియ్యడానికి మిషను సాండర్ పెట్టకండి. రెండున్నర మిల్లీమీటర్ల సెడార్ మీద మిషను ఒక్క క్షణం ఆగితే గుంట పడుతుంది. ముఖ్యంగా పక్కటెముకలు ఉన్నచోట చెక్క కదలదు, వాటి మధ్య లోపలికి వంగుతుంది, అందుకని పక్కటెముకల మీదే ఎక్కువ అరిగిపోతుంది. గుండ్రటి మూలలున్న స్క్రేపరు, పదును బాగా పెట్టుకుని, పీచు వెంబడి మెల్లగా. నా పాత పడవ ఒకదాని మీద తోముడు ఎక్కువై వెలుగు బయటికి కనబడింది. అప్పుడు గుండె జారిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. నొక్కులుంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఒకసారి ఆనించండి, చెక్క ఆవిరికి ఉబ్బి సగం సర్దుకుంటుంది.

ఆపైన 220, తర్వాత 320 నంబరు గరుకు కాగితం. పడవలకు వాడే స్పార్ వార్నిష్ తీసుకోండి, ఎండను ఆపే గుణం ఉందని డబ్బా మీద ఉండాలి. ఫర్నిచరుకు వేసే గట్టి వార్నిష్ వద్దు. పడవ కదులుతుంది, వార్నిష్ దానితో పాటు వంగాలి, లేకపోతే చిట్లుతుంది. మొదటి కోటు సగానికి సగం థిన్నర్ కలిపి, చెక్క తాగినంత తాగనివ్వండి. రెండోది పావు వంతు కలిపి. ఆ తర్వాత మామూలుగా. కోటు కోటుకూ మధ్య ఒక రోజు, చేత్తో 320 కాగితం. బయట ఆరు, లోపల రెండు. లోపల వదిలెయ్యకండి. నీరు లోపలే నిలుస్తుంది. తెల్లవారుజామున, గాలి లేవకముందు, నేల మీద నీళ్లు చల్లి పని మొదలుపెడితే దుమ్ము పడదు.

నీటిగీత · గురువారం, రాత్రి 9:20

వార్నిష్ కూడా తూగుతుందని మరవకండి. మూడు చదరపు మీటర్లకు ఒక్కో కోటు ఆరాక వంద గ్రాముల పైన మిగులుతుంది. ఆరు కోట్లకు, తోమినది పోను, సుమారు అరకిలో. పన్నెండు కోట్లు వేసి అద్దంలా చేశామని మురిసేవాళ్లు ఒకసారి తూచుకోవాలి.

పాతచెక్క · శుక్రవారం, ఉదయం 6:15

డెక్ సంగతి మరిచా. పాత రోజుల్లో పట్టు, సన్నటి నూలుగుడ్డ పరిచి వార్నిష్ పట్టించేవాళ్లు. ఇప్పుడు నేను వాడేది వేడికి ముడుచుకునే పాలియెస్టర్ గుడ్డ, చిన్న విమానాల రెక్కల మీద కప్పేది. అంచులకు జిగురు పెట్టి, ముడతలు లేకుండా వదులుగా పరిచి, తర్వాత ఇస్త్రీపెట్టెను తక్కువ వేడి మీద, ఒక్కచోట ఆపకుండా తిప్పాలి. డప్పులా మోగాలని ఎక్కువ వేడి పెట్టకండి. ఆ గుడ్డ లాగుడుకు పల్చటి అంచు పట్టీలు లోపలికి వంగిపోతాయి. పిడికిలితో మెల్లగా కొడితే "దబ్" అనాలి, "టంగ్" అనకూడదు.

ఆ డెక్ అందం కోసం కాదు. బోల్తా పడినప్పుడు పడవను తేల్చేది కొనల్లోని గాలే. గుడ్డకు చిన్న చిరుగున్నా నీరు నిండి పడవ మునకేస్తుంది. నేనైతే రెండు కొనల్లోనూ గాలి సంచులు కూడా పెడతా. ముందు కొనకు రబ్బరు బంతి లేకుండా నీళ్లలోకి పంపకండి, 8 మీటర్ల పడవ మొన మనిషికి తగిలితే అది బల్లెమే.

వరండాలోబోటు · శుక్రవారం, ఉదయం 8:02

ఇదంతా చదివి వరండాలోకి వెళ్లి, మా పడవ మీది దుప్పటి తీసి, మళ్లీ కప్పేశా.

చిన్నతెడ్డు · పదకొండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:30

నమస్కారం అందరికీ. నేను టేపు పట్టుకున్న చెల్లెల్ని. అన్నయ్య ఖాతాలోంచి చదివీ చదివీ చివరికి నేనే చేరాను.

ఇవాళ నీళ్లలో దించాం. మొత్తం బరువు 15.4 వచ్చింది. కుళ్లిన చెక్క, ఇనుప స్క్రూలు, పాత వార్నిష్ పోయాయి కదా. గేటు నుంచి నీటికి 24.1. కాళ్ల పలక మధ్య రంధ్రంలోనే సరిపోయింది, పట్టా చివర తగల్లేదు.

మొదటి పది నిమిషాలు ఒకటే టెన్షన్, తెడ్లు నీటి మీదనుంచి ఎత్తడానికే భయం. తర్వాత మెల్లగా అలవాటైంది. కార్బన్ పడవలో నీటి చప్పుడు బక్కెట్టు మీద కొట్టినట్టు ఉంటుంది కదా. ఇందులో అడుగున సన్నగా బుడబుడ మంటూ సీటు దాకా వినిపిస్తుంది. గట్టిగా ఆరుసార్లు లాగి వదిలేస్తే ఆ చప్పుడు చాలాసేపు సాగింది. ఒడ్డు మీద అన్నయ్య ఫోన్‌లో వీడియో తీయడం మరిచిపోయి నిలబడ్డాడు.

లోపల ఒక గ్లాసుడు నీళ్లు వచ్చాయి. రెండో పగులు దగ్గర చెమ్మ ఉంది. ఎడమ తెడ్డు తోలు తొడుగు ఇంకా జారుతోంది, మేకు కొట్టెయ్యనా?

కొత్తకోచ్ · ఆదివారం, ఉదయం 10:05

వద్దమ్మా! కొత్త మేకు కొడితే ఆ రంధ్రం దగ్గరే తెడ్డు కర్ర విరుగుతుంది. తోలు విప్పి, తడిపి, కర్ర చుట్టూ బిగుతుగా లాగి, అంచులు ఎదురెదురుగా కుట్టేయండి. ఆరాక బిగుసుకుంటుంది. తొడుగు చదునైన వీపు గేటుకు సరిగ్గా ఆనేలా తిప్పుకున్నాకే కుట్టాలి.

పాతచెక్క · ఆదివారం, ఉదయం 11:20

గ్లాసుడే అయితే మంచిదే. రెండు మూడుసార్లు నీళ్లలో నానితే చెక్క ఉబ్బి కొంత మూసుకుంటుంది. నాలుగోసారికి కూడా వస్తే సిరంజి తియ్యండి. ఒడ్డుకు రాగానే తుడిచి, బోర్లించి, రెండు కొనల మీద కాకుండా పావు వంతు, ముప్పావు వంతు దగ్గర పట్టీల మీద ఆనించండి. ఎండలో వదిలెయ్యకండి.

తెడ్డుపట్టినోడు · ఆదివారం, రాత్రి 8:50

అందరికీ థాంక్స్. పడవ చెల్లెలిదైపోయింది, రెండు నెలలు తోమిన చేతులు మాత్రం నావి. ఇప్పుడు 88 కిలోల మనిషి కోసం కట్టిన పాత సింగిల్ వెతుకుతున్నా. వరండాలోబోటు గారూ, మీ దగ్గరున్నది పట్టా పొడవెంత? ఎన్ని కిలోల మనిషికి?

వరండాలోబోటు · ఆదివారం, రాత్రి 9:15

కొలవలేదండీ. ఇప్పుడే దుప్పటి తీసి టేపు పెట్టా, పట్టా 71. బరువు సంగతి రేపు తెల్లారాక, క్యాన్లు కడుగుతున్నా.